గంట ఏ మాటకి కొట్టాలి?

పోయిన నెల మన క్లబ్బు పెట్టిన ‘ఒక నిమిషం అచ్చ తెలుగు’ పోటీలో నేను పదిహేడో సెకనుకే అవుట్. ‘బస్సు’ అన్నాను, గంట కొట్టేశారు. నా ముందు మాట్లాడినబ్బాయి మాత్రం నిమిషం నిండా లాగించాడు. వాళ్ల తాత రైతు అన్నాడు, జిల్లా కేంద్రానికి పోయి దరఖాస్తు ఇచ్చాడన్నాడు, జవాబు రాలేదన్నాడు, చివరికి పరవాలేదన్నాడు. అందరూ చప్పట్లు. నేనూ కొట్టాను. కడుపుమంటతో రూముకొచ్చి వెతికితే అప్పుడు తెలిసింది. రైతు, జిల్లా, జవాబు అరబ్బీ నుంచి వచ్చాయి, దరఖాస్తు పారసీ నుంచి. ‘పరవాలేదు’లో పరవా కూడా పారసీదే, ‘లేదు’ ఒక్కటే మనది. ఆ మాటకొస్తే ‘నిమిషం’ సంస్కృతం. పోటీ పేరుకే ముందు గంట కొట్టాలి!

మన సీమలో ఈ కలగలుపు ఇంకా ఎక్కువ. కర్నూలునూ కడపనూ నవాబులు ఏలారు. వాళ్లు పోయి కంపెనీ దొరలొచ్చినా పన్నుల మాటలు, కోర్టు మాటలు పోలేదు. కడపలో ఉద్యోగం చేసిన బ్రౌన్ 1854లో తెలుగులో కలిసిన పరాయి మాటలకే వేరుగా ఒక నిఘంటువు అచ్చేయించాడు. అంటే అప్పటికే అన్ని మాటలు చేరిపోయాయన్నమాట.

మా జేజినాయన సంతకం దాటి చదువుకోలేదు. పొలం కాగితాలు నేను కూడబలుక్కుంటా చదివితే ఆయన అర్థం చెప్తాడు. అడంగల్, ఫసలీ, దాఖలు, జప్తు. ఫసలీ అంటే జూలైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరమని ఆయన చెప్తేనే నాకు తెలిసింది. ఇంగ్లీషు మీడియం బుర్ర కదా, ‘అబ్బో, ఎంత కష్టమైన తెలుగో’ అనుకున్నా. ఇవి తెలుగు మాటలు కావంట జేజినాయనా అంటే, ‘మరి నేను ఇన్నేండ్లు మాట్లాడింది ఏందిరా?’ అన్నాడు. నేనేం చెప్పలేకపోయా.

నా లెక్కలో ఆయన మాట్లాడింది తెలుగే. దరఖాస్త్‌కి చివర ఒక ‘ఉ’ తగిలించి మనదాన్ని చేసుకున్నాం. బస్‌నీ అట్లే బస్సు చేశాం. ‘కోడ్ రన్ చేశా’ అంటే మొహం చిట్లించేవాళ్లే ‘సెలవు రద్దు చేశాం’ అని నోటీసు పెడతారు. రెండు వాక్యాల కట్టుబడి ఒకటే కదా!

అట్లని అన్నిటికీ తలుపులు తీయమనట్లేదు. మా ఇంట్లో చెల్లికి ‘వాటర్ తాగు, రైస్ తిను’ అంటారు. నీళ్లు, అన్నం ఏం పాపం చేశాయి? ఖర్చు వచ్చినప్పుడు ఇదే జరిగింది. వెచ్చం పక్కకు పోయింది, ‘వెచ్చించు’ పేపర్లలో మిగిలింది. అంగడి మాత్రం మా ఊర్లో ఇంకా అంగడే. దుకాణం వచ్చింది, షాపు వచ్చింది, అయినా అవ్వలు చెల్లిని ఉప్పుకి అంగడికే పంపిస్తారు.

మాటల కంటే నాకు లిపి గురించే ఎక్కువ భయం. మణిపురి వాళ్ల మాటల్లోకి బెంగాలీ, సంస్కృతం చేరాయి, అయినా భాష నిలబడింది. కానీ బెంగాలీ లిపి వచ్చి వాళ్ల సొంత మీతై మయెక్‌ని పక్కకు నెట్టేసింది. ఇప్పుడు బడుల్లో దాన్ని మళ్లీ మొదటినుంచి నేర్పుకుంటున్నారు. మనల్ని ఏ రాజూ బలవంతం చేయలేదు, వాట్సాప్‌లో మనమే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడుతున్నాం. ఈ వ్యాసం మొదటి డ్రాఫ్టు నేనూ అట్లే కొట్టా. తర్వాత చూసుకుంటే ‘కల’ ఏదో, ‘కళ’ ఏదో నాకే తెలియలేదు.

కాబట్టి క్లబ్బు వాళ్లకి ఒక దరఖాస్తు. వచ్చే ఏడు ‘బస్సు’కి గంట కొట్టకండి, ‘వాటర్’కి కొట్టండి. ఎవరి నిమిషం వాళ్లు ముందు తెలుగక్షరాల్లో, చేత్తో, రాసుకొచ్చి చదవాలని రూలు పెట్టండి. నేను పదిహేడు సెకన్లు కూడా నిలబడనేమో. అయినా పేరిస్తా.