మూడు రోజుల నడకకు మన ప్లాను

ఎక్స్‌కర్షన్ అంటే హైదరాబాద్ జూ, చార్మినార్, తిరుగు బస్సులో వాంతులు. ఈసారి టేకులపల్లి నుండి కిన్నెరసాని వైపు మూడు రోజులు నడుద్దామంటే, "అడవి చూడాలంటే ఇంటికి పోతే చాలదా?" అని మిత్రులు నవ్వారు. నిజమే, మనలో చాలామందిమి ఎండాకాలం తునికాకు కోసినవాళ్ళమే. అందుకే ప్లాను మనమే వేయాలంటున్నాం.

మా మొదటి ప్లానులో నీళ్ళ సంగతే మరిచాం! మనిషికి రోజుకు 3 లీటర్లనుకున్నా 20 మందికి 60 లీటర్లు. ఎవరు మోస్తారు? కాబట్టి దారిని నిర్ణయించేది అందమైన గుట్టలు కాదు, ఊళ్ళలోని చేతిపంపులు. రాత్రి బస కూడా ఆ ఊళ్ళ బడుల్లోనే. దోమతెర లేనివారు రావద్దు, మలేరియా మనకు కొత్తేమీ కాదు. ఇప్పపూలు రాలే రోజుల్లో చెట్ల కిందికి ఎలుగుబంట్లు వస్తాయి, వాగులూ ఎండుతాయి. కనుక డిసెంబరే మేలు. కిన్నెరసాని అభయారణ్యం, అటవీశాఖ అనుమతి తప్పనిసరి. జలాశయంలో మొసళ్ళున్నాయి, ఎంత ఈతగాడైనా దిగరాదు.

ఆడపిల్లలు వద్దన్న మాటను మాత్రం మేం ఒప్పుకోం. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేనాటికి మాలావత్ పూర్ణకు పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆమెతో ఎక్కిన ఆనంద్ కుమార్ అప్పటి మన ఖమ్మం జిల్లా వాడే. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. వాళ్ళూ ముందు భువనగిరి గుట్ట మీదే నేర్చుకున్నారు.

వార్డెన్ గారికి దరఖాస్తు ఇచ్చాం. తల్లిదండ్రుల సంతకాలు రావాలి. అటవీశాఖలో పనిచేస్తున్న పూర్వ విద్యార్థులు, అన్నలైనా అక్కలైనా, ఒక్కరు మా వెంట నడిస్తే సంతోషం.