సుబ్బారావు మందు ఓడిన చోట

యల్లాప్రగడ సుబ్బారావు మనవాడని గర్వంగా చెప్పుకుంటాం. భీమవరంలో పుట్టి, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలను నడిపి, తన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లోని వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు అందించాడు. లుకేమియా (రక్త క్యాన్సర్) వచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించాడు. మనం కథ అక్కడే ఆపేస్తాం. నిజానికి ఆ గుణం తాత్కాలికమని ఆయన వ్యాసం పేరులోనే ఉంది. కొన్ని నెలలకే జబ్బు తిరగబెట్టింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు.

మందు ఎందుకు ఓడింది? కణం పెరగాలంటే ఫోలిక్ ఆమ్లాన్ని వాడుకోవాలి. అందుకు తోడ్పడే ఎంజైమును అమినోప్టెరిన్ లాంటి మందులు అడ్డుకుంటాయి. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌కు అలవాటుపడ్డ ఎలుక కణాలను 1978లో రాబర్ట్ షిమ్కీ బృందం పరీక్షించింది. ఆ ఎంజైము జన్యువు ప్రతులు ఒకటి రెండు కాదు, సుమారు 200 రెట్లు పెరిగిపోయి ఉన్నాయి! మందు ఎంత అడ్డుకున్నా, కణానికి కావలసిన ఎంజైము ఇంకా మిగిలే ఉంటుంది.

1960ల్లో ఫ్రై, ఫ్రైరైక్ అనే అమెరికా వైద్యులు మెథోట్రెక్సేట్‌కు విన్‌క్రిస్టిన్, మెర్కాప్టోప్యూరిన్, ప్రెడ్నిసోన్ జతచేసి ఒకేసారి ఇచ్చారు. ఒక మందును తప్పించుకున్న కణం మరో మందుకు చిక్కింది. ఇవాళ సంపన్న దేశాల్లో, పిల్లలకు ఎక్కువగా వచ్చే రకం లుకేమియాలో, నూటికి దాదాపు 90 మంది బతుకుతున్నారు.

అయితే మొదటి నెలల చికిత్స ముగిశాక సుమారు రెండేళ్ల పాటు ఇంట్లోనే రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్ మింగాలి. బిడ్డకు జుట్టు మళ్లీ వస్తుంది, ఆటలాడుతుంది. తగ్గిపోయిందనుకుంటారు. మందుకూ రక్తపరీక్షకూ హైదరాబాద్‌లోని అంబర్‌పేట నుంచి రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి దాకా వెళ్లాలంటే ఆ రోజు కూలీ పోతుంది. ఒక వారం మందు తప్పుతుంది, తర్వాత ఇంకో వారం. మోతాదులు తప్పిన పిల్లల్లో జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుందని పరిశోధనలు తేల్చాయి. తిరగబెట్టిన లుకేమియా పాత మందులకు అంత తేలిగ్గా లొంగదు. మోతాదు తప్పినందుకు తల్లిదండ్రులను నిందించడం నాకు అన్యాయంగా తోస్తుంది.

కొత్త మందులు రావాలి. హబ్సిగూడ సీసీఎంబీ లాంటి ప్రయోగశాలలు మన పక్కనే ఉన్నాయి. కానీ ఉన్న మందు తప్పకుండా అందించడానికి కొత్త ఆవిష్కరణ అక్కర్లేదు. ఈ పిల్లల రక్తపరీక్ష బస్తీ దవాఖానలోనే చేయాలి. ఫలితం క్యాన్సర్ డాక్టరుకు పంపి, ఆయన రాసిన మోతాదు అక్కడే ఇవ్వాలి. రాని బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త వెళ్లాలి. ఆరోగ్య శాఖ దీన్ని అంబర్‌పేటలోనే మొదలుపెట్టవచ్చు.