న్యూట్రల్ పెట్టినా కదలని ట్రాక్టర్

ట్రాక్టర్ ఆగిపోతే మనకు తెలిసిన వైద్యం ఒక్కటే. న్యూట్రల్ వెయ్, గొలుసు కట్టు, ఇంకో ట్రాక్టర్‌తో లాగు. బ్యాటరీ డౌనా? నలుగురు తోయండి, గేర్‌లో వేసి క్లచ్ వదులు. గేరు బండికి ఇది నడుస్తుంది. ఫాంహౌస్ లాన్లలో, నర్సరీల్లో వాడే చిన్న హైడ్రోస్టాటిక్ ట్రాక్టర్ దగ్గర మాత్రం ఈ పప్పులు ఉడకవు.

ఎందుకంటే అందులో ఇంజిన్‌కీ చక్రానికీ మధ్య పని చేసేది ఆయిల్. ఇంజిన్ పంపును తిప్పుతుంది, పంపు ఆయిల్‌ను ఒత్తిడితో మోటార్‌కి పంపుతుంది, మోటార్ చక్రాన్ని తిప్పుతుంది. పెడల్ మీంచి కాలు తీస్తే బండి ఆగుతుంది గానీ, చక్రానికి ఆ ఆయిల్‌తో లింకు తెగదు. ఇప్పుడు బయటినుంచి లాగారనుకోండి, చక్రం మోటార్‌ని తిప్పుతుంది, మోటారే పంపులా మారి ఆయిల్‌ను నెడుతుంది. ఇంజిన్ ఆగి ఉంది కాబట్టి కొత్త ఆయిల్ రాదు. వేడెక్కి లోపలి భాగాలు గీసుకుపోతాయి. చిన్న ఫ్యూజు రిపేరు కాస్తా పంపు మార్చే ఖర్చవుతుంది. తోసి స్టార్ట్ చేయడం కూడా కుదరదు.

అసలు బండి నిజంగా చెడిపోయిందా? లాగే ముందు సీటు కింది స్విచ్, పీటీఓ లివర్, ఫ్యూజులు ఓసారి చూడండి. సీట్లో మనిషి లేకపోయినా, పీటీఓ ఆన్‌లో ఉన్నా చాలా మోడళ్లు స్టార్టే కావు.

కదల్చక తప్పదంటే మాన్యువల్ తీయండి. చాలా కాంపాక్ట్ ట్రాక్టర్లలో హై–లో లివర్‌ను మధ్యలో న్యూట్రల్‌కి తెస్తే చక్రాలు విడిపోతాయి. చిన్న లాన్ ట్రాక్టర్లలో వెనకాల బైపాస్ రాడ్ ఉంటుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే అదీ తీసేయాలి.

అసలు ప్రమాదం ఇక్కడే. పహాడీ షరీఫ్ చుట్టుపక్కల నేల మీకు తెలిసిందే, దర్గా ఉన్నదే గుట్ట మీద. ఆ ఏటవాలులో బైపాస్ తెరిచారంటే అప్పటిదాకా బండిని పట్టి ఉంచిన ఆయిల్ ఇక పట్టుకోదు. మిగిలేది బ్రేకు ఒక్కటే. అందుకే లివర్ ముట్టుకోకముందే పార్కింగ్ బ్రేక్ వేసి, చక్రాలకు పల్లం వైపు గట్టి చెక్కముక్కలు పెట్టండి. ఆ వైపు ఎవ్వరూ నిలబడొద్దు, వీడియో తీసే తమ్ముడితో సహా.

డౌన్‌లో తాడుతో లాగొద్దు. తాడు లాగుతుందే గానీ ఆపలేదు, వెనకబండి వచ్చి ముందుబండిని గుద్దుతుంది. లాగినా నాలుగడుగుల దూరం, నడిచే వేగం, అంతే. గొలుసు కింద డ్రాబార్‌కే కట్టాలి. పైన కడితే లాగే ట్రాక్టర్ ముందు చక్రాలు లేచిపోతాయి. గొలుసు తెగితే అది ఎంత దూరం కొడుతుందో, మనుషులు అంతకంటే ఎడంగా ఉండాలి. ఇంజిన్ లేకపోతే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుందని సీట్లో కూర్చునే మనిషికి ముందే చెప్పండి.

హైవే ఎక్కాలంటే లాగుడు మర్చిపోండి. సెల్ఫ్ లోడర్ పిలిచి, వించ్‌తో ఎక్కించి, నాలుగు మూలలా కట్టించండి. మెకానిక్ షెడ్‌లో దించాక బైపాస్ మూసేశారో లేదో అడగండి. అది తెరిచే ఉంటే ఇంజిన్ స్టార్టయినా బండి కదలదు. ‘పంపు పోయింది’ అని లెక్క రాసేయడం సులువు.