బోర్డు మీద పేరు మనది, గల్లాపెట్టె ఎవరిది?

మా మండల కేంద్రంలో పెట్రోలు బంకు బోర్డు మీద డీలరుగా మా ఆదివాసీ పేరే ఉంది. ఆయన్ని ఆ బంకులో నేను ఒక్కసారే చూశాను, కాగితాల మీద సంతకాలు పెట్టడానికి వచ్చినప్పుడు. కుర్చీలో మైదానం నుంచి వచ్చిన షావుకారు కూర్చున్నాడు. మావాడు నిలబడి ఉన్నాడు.

“గిరిజనులకు వ్యాపారం చేతకాదు, ఇచ్చినా నిలుపుకోలేరు” అని స్టాఫ్ రూములో మన టీచర్లే అంటారు. నా కోపం ఆ మాట మీదే. బయటికొచ్చాక ఆయన్ని అడిగాను, ఎందుకిలా అప్పగించావని. “ట్యాంకరు డబ్బు మీరిస్తారా మాస్టారూ?” అన్నాడు.

లెక్క వేయండి. 12,000 లీటర్ల ట్యాంకరు, లీటరు వంద దాటింది. ఒక్క లోడుకే 12 లక్షల పైమాట, అదీ ముందుగా కట్టాలి. ఇటు రోడ్డు కాంట్రాక్టరు డీజిలు అరువు పట్టుకెళ్లి, బిల్లు వచ్చాక ఇస్తానంటాడు. అది వచ్చేలోగా రెండో లోడుకు డబ్బుండదు. బ్యాంకుకు వెళితే మన భూమి వేలం వేసినా గిరిజనుడే కొనాలి కదా అని వెనకాడుతుంది. (అది 1/70 తప్పు కాదు. ఆ చట్టమే లేకుంటే బంకు కింద నేల కూడా ఈపాటికి మనది కాదు.) అప్పుడు వస్తాడు షావుకారు, నోట్ల సంచితో.

1970 తర్వాత ఏజెన్సీలో గిరిజనేతరుడు భూమి కొనలేడు, లీజుకూ తీసుకోలేడు. కాబట్టి వాడికి మన నేల కావాలి, మన కులపత్రం కావాలి, మన సంతకం కావాలి. మనం మాత్రం అక్కర్లేదు. బినామీ అని తేలితే రద్దయ్యేది ఎవరి డీలర్‌షిప్? మనదే. షావుకారు ఇంకో పేరు వెతుక్కుంటాడు.

రిజర్వు డీలర్లకు పెట్టుబడి అప్పుగా ఇచ్చే కార్పస్ ఫండ్ పథకం ఆయిల్ కంపెనీల దగ్గరుంది. 1956లో పుట్టిన జీసీసీ మన చింతపండు కొనడమే కాదు, పెట్రోలు బంకులూ నడుపుతోంది. అంటే షావుకారు లేకుండా కొండల్లో పెట్రోలు అమ్మవచ్చు. అలాంటప్పుడు మన డీలరు లోడు డబ్బుకు ఐటీడీఏ, జీసీసీ ఎందుకు హామీ ఉండవు? ఇది అడగాల్సింది డిగ్రీ చదివి, అదే బంకులో గన్ను పట్టుకుని రోజుకూలీకి నిలబడ్డ మన తమ్ముళ్లు. టీచర్లు కూడా వాళ్లతో ఐటీడీఏ ఆఫీసుకు రావాలి. అర్జీ నేను రాస్తాను.