గది ఉష్ణోగ్రత అంటే ఎవరి గదిది?

పౌండ్ కేక్ అంత తేలిగ్గా గుర్తుండే రెసిపీ నాకు తెలిసి ఇంకోటి లేదు. వెన్న ఒక పౌండు, పంచదార ఒక పౌండు, గుడ్లు ఒక పౌండు, మైదా ఒక పౌండు. పేరులోనే కొలత ఉంది. ఫ్రెంచ్ వాళ్లు దీనికి దగ్గరి కేక్‌ని ‘నాలుగు పావులు’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. 1747లో లండన్‌లో అచ్చయిన హన్నా గ్లాస్ వంటల పుస్తకంలో కూడా పౌండ్ కేక్ ఉంది. పౌండు అంటే దాదాపు 454 గ్రాములు. అంత కేక్ వీధి మొత్తానికి పంచాలి కాబట్టి మనకి తలా 200 గ్రాములు చాలు. పెంకు తీసిన గుడ్డు సుమారు 50 గ్రాములు ఉంటుంది, అంటే నాలుగు గుడ్లు.

ఇంత సింపుల్ అల్గారిథమ్ మన ఇళ్లల్లో, ముఖ్యంగా ఎండాకాలంలో, ఎందుకు ఫెయిల్ అవుతుంది? చాలాసార్లు తప్పు చేసేవాళ్ల చేతిలో ఉండదు, రాసిన వాక్యంలో ఉంటుంది అని నేనంటాను. ఆ వాక్యం ఇది: ‘వెన్నని గది ఉష్ణోగ్రతకి తీసుకురండి.’

ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఎవరో పద్ధతిగానే తెలుగు చేశారు. వ్యాకరణం కరెక్ట్, పదాలు కరెక్ట్. కానీ ఆ గది మనది కాదు.

అసలు కేక్ ఎలా పొంగుతుందో చూడండి. బేకింగ్ పౌడర్ 1840ల్లో గానీ రాలేదు. అంతకుముందు పౌండ్ కేక్ పొంగడానికి గాలి ఒక్కటే దిక్కు. వెన్న, పంచదార కలిపి గిలకొడుతుంటే పంచదార పలుకులు వెన్నలోకి గాలి బుడగల్ని లాక్కెళతాయి. గట్టి కొవ్వు ఆ బుడగల్ని పట్టుకుని ఉంచుతుంది. వేడికి అవే వ్యాకోచించి కేక్‌ని లేపుతాయి. హన్నా గ్లాస్ గంటసేపు చేత్తో గిలకొట్టమన్నది ఇందుకే. ఈ పనికి వెన్న 18 నుంచి 20 డిగ్రీల దగ్గర బాగుంటుంది. 32 దాటితే కరగడం మొదలవుతుంది. కరిగిన వెన్నలో బుడగ నిలవదు.

లండన్ వంటగదిలో వెన్న బల్ల మీద పెడితే దానంతట అదే 18కో 20కో వస్తుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో బల్ల మీద పెడితే అది నెయ్యి అయ్యే దారిలో ఉంటుంది. రెసిపీలో ఒక హార్డ్‌కోడెడ్ వాల్యూ దాక్కుని ఉంది, ఎవరూ డాక్యుమెంట్ చెయ్యలేదు. మన బ్రాంచ్ భాషలో చెప్పాలంటే ‘నా మెషీన్‌లో రన్ అవుతోంది కదా’ అనే పాత జవాబు.

నన్ను బాధపెట్టేది కేక్ పోవడం కాదు. మా పిన్ని రెండుసార్లు చేసింది. రెండుసార్లూ అడుగున జిడ్డుగా, పైన గట్టిగా వచ్చింది. అప్పట్నుంచి ‘నా చేతికి కేక్ రాదమ్మా’ అంటుంది. ఉగాదికి యాభై బొబ్బట్లు ఒక్కటి కూడా చిరక్కుండా చేసే మనిషి ఆ మాట అంటుంది. రాసినవాళ్లు వదిలేసిన సమాచారానికి చదివినవాళ్లు తమని తాము తక్కువ చేసుకుంటున్నారు. అసలు నష్టం ఇదీ.

దీనికి మందు మన వంటిళ్లలోనే ఉంది. అరిసెల పాకానికి ఎవరైనా థర్మామీటర్ పెడతారా? పళ్లెంలో నీళ్లు పోసి చుక్క పాకం వేసి, వేళ్లతో ఉండ కట్టి చూస్తారు. బజ్జీల నూనె కాగిందా అంటే చిటికెడు పిండి వేసి తేలిందా అని చూస్తారు. ఇడ్లీ పిండి ఎనిమిది గంటలు అని కాదు, పొంగే వరకు. ఇవన్నీ టెస్టులు. చలికాలంలోనూ పనిచేస్తాయి, అమెరికాలోనూ పనిచేస్తాయి. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నేను చాలాకాలం అమ్మ లెక్కలు ‘సుమారు’ అనీ, పుస్తకం లెక్కలు ‘కచ్చితం’ అనీ అనుకునేదాన్ని. నిజానికి ఏ ఊళ్లోనైనా నిలబడేవి అమ్మవే.

అలాంటి తెలుగులో పౌండ్ కేక్ రాస్తే ఇలా ఉంటుంది. వెన్నని వేలితో నొక్కితే గుంట పడాలి, కానీ వేలు నూనె రాసినట్టు మెరవకూడదు. మెరిస్తే కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. మన పంచదార పలుకులు పెద్దవి, మిక్సీలో ఒకట్రెండు తిప్పులు తిప్పండి. గిలకొడుతుంటే పసుపు వెన్న తెల్లబడాలి. ఇంట్లో తీసిన గేదె వెన్న ముందే తెల్లగా ఉంటుంది కాబట్టి రంగుని నమ్మొద్దు, గరిటెకి తేలిగ్గా అనిపిస్తోందా అని చూడండి. దాంట్లో మజ్జిగ మిగిలితే ముందు పిండేయండి. గుడ్లు ఒక్కొక్కటే వెయ్యండి, విరిగినట్టు కనిపిస్తే ఒక చెంచా మైదా జల్లండి. మైదా మొత్తం కలిపాక పొడి కనిపించకపోతే ఆపెయ్యండి, ఇంకా తిప్పితే సాగుతుంది. ఓవెన్ ఉంటే 160 - 170 డిగ్రీలు. లేకపోతే గ్యాస్కెట్, విజిల్ తీసేసిన కుక్కర్‌లో అడుగున ఉప్పు పోసి, స్టాండ్ మీద గిన్నె పెట్టి, సన్నని సెగ. పుల్ల గుచ్చితే పచ్చి పిండి రాకూడదు, నాలుగు తడి పలుకులు అంటుకుని వస్తే దించెయ్యండి. పుల్ల పూర్తిగా పొడిగా వచ్చేదాకా ఉంచితే మెత్తదనం పోతుంది. చల్లారాక మూతపెట్టి మర్నాడు కోస్తే ఇంకా బాగుంటుంది.

‘ఇంత గొడవెందుకు, ఏసీ వేసుకుంటే సరిపోదా?’ అని మా క్లాసులోనే అన్నారు. ఏసీ ఉన్న వంటిళ్లు ఎన్ని? ‘ట్రాన్స్‌లేషన్ టూల్ ఉంది కదా’ అని ఇంకొకరు. టూల్ పదాన్ని మారుస్తుంది. ఆ పదం వెనక ఏ గది ఉందో అడగాల్సింది మనిషే. అడిగితే టూల్ కూడా చెప్తుందేమో, కానీ అడగాలని తట్టాలి కదా.

ఇది వంటతో ఆగదు. ఎలక్ట్రానిక్స్ డేటాషీట్లలో చాలా విలువలు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మన ల్యాబ్‌లో ఏప్రిల్ మధ్యాహ్నం ఎంతుంటుందో మీకు తెలుసు. తెలుగు మీడియం నుంచి వచ్చిన ఫ్రెండ్స్ ఫస్ట్ ఇయర్‌లో ‘నాకు బుర్ర లేదు’ అనుకోవడం నేను చూశాను. పాఠంలో ముందే తెలుసనుకుని వదిలేసిన సంగతులు వాళ్లకి ఎవరూ చెప్పలేదు, అంతే.

మన క్లబ్ ఈ ఏడాది టెక్నికల్ వ్యాసాలు తెలుగు చేద్దామనుకుంటోంది. నాదొక ప్రపోజల్. ప్రతి వ్యాసాన్నీ ఆ సబ్జెక్ట్ తెలియని ఒకరికి ఇచ్చి, పక్కన కూర్చుని చేయించి చూద్దాం. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ వాక్యం మార్చాలి. ‘మీకు అర్థం కాలేదా?’ అని మాత్రం అడగొద్దు.