మొదటి కప్ప

"కొత్తగా పెంచేవారికి తగిన కప్ప" అన్న మాట ఎక్కడ కనబడినా నాకిప్పుడు ఒళ్లు మండుతుంది. అందుకు కారణం నా యింట్లోనే ఉన్నది గనుక ముందు నా తప్పు చెప్పుకొని, ఆ తరువాతే ఇతరులతో తగవుకు దిగుతాను.

మేముండేది న్యూజెర్సీలో. మా అమ్మాయికి తొమ్మిదో ఏట కప్పను పెంచాలన్న కోరిక పుట్టింది. కుక్కను తెచ్చే ఓపిక నాకు లేదు. కప్పయితే ఏ మూలనో పడివుంటుందిలే అనుకున్నాను. ఒక దుకాణంలో అరచేతిలో ఇమిడే పారదర్శకమైన పెట్టె, అందులో నాలుగు గులకరాళ్లు, ఒక మొక్క, రెండు ఆఫ్రికా మరుగుజ్జు కప్పలు కనిపించాయి. "వారానికి రెండుసార్లు గుళికలు వేస్తే చాలు, ఇంతకంటె సులువైన ప్రాణి లేదు" అన్నాడు అమ్మేవాడు. కొన్నాను. ఫోనులో మా అమ్మతో చెబితే "కప్పను డబ్బిచ్చి కొన్నావుట్రా!" అని నవ్వింది. ఆ శీతకాలం గడవకముందే రెండూ చచ్చిపోయాయి.

కొనకముందు చదవవలసినది చచ్చాక చదివాను. ఈ కప్ప జీవితమంతా నీటిలోనే గడుపుతుంది, కాని ఊపిరి కోసం పైకి రావాలి. దానికి సుమారు 24 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం కావాలి. దాని మలం అరచేతి పెట్టెలోని నీటిని త్వరలోనే విషం చేస్తుంది. అంటే నేను కొన్నది పెంపుడు జంతువును కాదు, నెలల తరబడి సాగే ఒక చావును. అది సులువుగా బ్రతుకుతున్నదని నేను భ్రమించిన దినాలన్నిటా, అది నెమ్మదిగా చస్తూ ఉన్నది.

నా అభియోగం ఇదే. "మొండి ప్రాణి, తప్పులు తట్టుకుంటుంది" అని మెచ్చుకుంటూ కొత్తవారికి కప్పలను అంటగడతారు. తట్టుకోవడమంటే ఏమిటి? కుక్క మూలుగుతుంది, పిల్లి అరుస్తుంది. కప్ప కదలకుండా కూర్చుంటుంది. సుఖంగా ఉన్నా అంతే, రోగంతో ఉన్నా అంతే. దాని మౌనాన్ని మనం సహనమని పిలుస్తున్నాము. బాధ చెప్పుకోలేని ప్రాణిని, బాధ గుర్తించడం రాని మనిషి చేతిలో పెట్టి, దానికి "సులువు" అని పేరు పెట్టడం ఎంత విడ్డూరం!

పైగా కప్ప చర్మం మన చర్మం వంటిది కాదు. అది నీటిని చర్మంతోనే త్రాగుతుంది. కొళాయి నీటిలోని క్లోరిన్, మన చేతికంటిన సబ్బు, అన్నీ ఆ దారినే లోపలికి పోతాయి. మనవైపునుంచీ జాగ్రత్త అవసరమే: 2009–2011 మధ్య అమెరికాలో ఈ మరుగుజ్జు కప్పల మూలంగా వ్యాపించిన సాల్మొనెల్లా వ్యాధి 200 మందికి పైగా సోకింది, వారిలో ఎక్కువమంది చిన్నపిల్లలు.

"అయితే అసలు పెంచనే వద్దంటావా?" అని అడిగే మిత్రులుంటారు. వద్దని తేల్చి చెప్పగలిగే ధైర్యం నాకు లేదు. "మా చిన్నప్పుడు గుంటలో పట్టి సీసాలో వేసుకోలేదా?" అనేవారూ ఉంటారు. వేసుకున్నాము. వానలు రాకపోతే కప్పను రోకలికి కట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకొని కప్పతల్లి ఆడించిన ఊళ్ల వాళ్లమే మనం. ఆ కప్పకు ఆ ఊరేగింపు ఎలా ఉండేదో మనలో ఎవరమూ అడిగి ఎరుగము. ఆనాటి అలవాటు ఈనాటి తప్పుకు సాక్ష్యం కాజాలదు.

అడవినుంచి పట్టి తెచ్చినదాన్ని కొనకూడదనడానికి ఇంకా పెద్ద కారణమున్నది. కప్పల చర్మాన్ని తినే కైట్రిడ్ అనే బూజు ఖండాలు దాటడానికి మనుషులు చేసే ఉభయచరాల వ్యాపారం దారి చూపింది. 2019లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం దాని వలన 501 జాతులు క్షీణించాయి, వాటిలో 90 అంతరించినట్లు భావిస్తున్నారు. విసుగు పుట్టి కప్పను చెరువులో వదలడం దయ కాదు. ఆ చెరువుకు చేసే ద్రోహం.

ఇక నేను చెప్పే పద్ధతి. ముందు కప్పను కాదు, దాని ఇంటిని ఎంచుకోండి. గాజుతొట్టె, కొబ్బరిపీచు పొడి, ఉష్ణమాపకం, తేమమాపకం తెచ్చి, కప్ప లేకుండానే ఒక నెల నడపండి. ఆ నెలంతా వేడీ తేమా నిలపలేనివారికి ఏ కప్పా తగదు. నిలిపినవారు, పెంపకందారు ఇంట పుట్టినదాన్నే అడిగి కొనండి. దక్షిణ అమెరికా కొమ్ముకప్ప మట్టిలో పూడుకొని కూర్చుంటుంది, ఒంటరిగానే ఉంచాలి, తోటికప్పను కూడా మింగేస్తుంది. ఆస్ట్రేలియా పచ్చచెట్టుకప్ప ఎక్కడానికి ఎత్తైన తొట్టె కావాలి, మేత ఎక్కువైతే కొవ్వుపడుతుంది. రెండింటికీ బ్రతికిన కీటకాలు వేయాలి, వాటికి కాల్షియం పొడి పూయాలి. రెండూ చేతిలోకి తీసుకొని ముద్దుచేయడానికి కావు. ఆడుకోవడానికి కావాలంటే బొమ్మ కొనండి, దానికి ఏ అపకారమూ జరగదు.

మా అమ్మాయి ఖాళీ తొట్టె ముందు కూర్చొని ముప్పై రోజులు నోటుపుస్తకంలో అంకెలు రాసింది. పదకొండో రోజు రాత్రి చలికి వేడి పడిపోయింది. "నాన్నా, ఇవాళ కప్ప ఉండివుంటే దానికి చలేసేది కదా?" అన్నది. దుకాణంవాడు చెప్పని పాఠం ఆ లేని కప్ప నేర్పింది.

ఆ తరువాతే కొమ్ముకప్ప వచ్చింది. సరిగా చూసుకుంటే పది, పదిహేనేళ్లు బ్రతుకుతుందట. అమ్మాయి చదువుకు ఊరు విడిచాక దానికి వానపాములు వేయవలసింది నేనే. ఆ లెక్క ముందే వేసుకొని ఒప్పుకున్నాను. మొదటిసారి వేసుకోలేదు, అందుకే ఆ రెండూ పోయాయి.