గుర్రం దగ్గర నేర్చుకునే నాయకత్వం

ఊళ్లలో, కూడళ్లలో నిలబెట్టిన వీరుల విగ్రహాలను మీరు చూసే ఉంటారు. వీరుడు పైన, గుర్రం కింద, చేతిలో కత్తి. ఆ గుర్రానికి ఉలవలు పెట్టినవాడు, మాలీసు చేసినవాడు, మొదటిసారి దాని నోటికి కళ్లెం తగిలించినవాడు ఆ విగ్రహంలో ఉండడు. గుర్రం మనిషికి నాయకత్వం నేర్పుతుందా అని ఎవరైనా అడిగితే, నేర్పుతుందనే నేను అంటాను. అయితే ఆ పాఠం ఎక్కువగా నేర్చుకున్నది పైన కూర్చున్నవాడు కాదని నా అభిప్రాయం.

అమెరికా, ఐరోపా దేశాలలో పెద్ద కంపెనీల అధికారులకు గుర్రాలతో నాయకత్వ శిక్షణ ఇస్తున్నారు. మన దేశంలో కూడా అక్కడక్కడ ఇది మొదలయింది. ఇందులో సాధారణంగా స్వారీ ఉండదు. అధికారి నేలమీదే నిలబడి గుర్రాన్ని తన వెంట నడిపించాలి. కొన్నిసార్లు చేతిలో పగ్గం కూడా ఉండదు. ఆఫీసులో గొంతు పెంచి పని చేయించుకునే వ్యక్తి ఇక్కడ తెల్లబోతాడు. గుర్రానికి అతని హోదా తెలియదు కదా!

ఇది ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే గుర్రం స్వభావం తెలియాలి. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ చూడగలదు. ముక్కుకు సరిగ్గా ఎదురుగా, తోకకు సరిగ్గా వెనుక మాత్రం కొంత మేర కనబడదు. చప్పుడు లేకుండా వెనుకనుంచి వెళ్లినవాడిని తన్నడం అందుకే. అది పొగరు కాదు, భయం. మందలో పక్క గుర్రం ఒళ్లు బిగిస్తే చాలు, మిగిలినవి తలలెత్తుతాయి. అదే చూపుతో అది మనిషినీ గమనిస్తుంది.

ఈ చూపు ఎంత నిశితమో చెప్పే ఒక ఉదంతం ఉంది. 20వ శతాబ్దం మొదట్లో జర్మనీలోని బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని పేరు పొందింది. కూడిక అడిగితే జవాబు ఎంతో అన్నిసార్లు డెక్కతో నేలను తట్టేది. దాని యజమాని ఉద్యోగ విరమణ చేసిన బడిపంతులు. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు దానిని జాగ్రత్తగా పరీక్షించి, తాను కనుగొన్నది 1907లో ప్రచురించాడు. అడిగేవారికే జవాబు తెలియకపోతే గుర్రం కూడా చెప్పలేకపోయేది! సరైన అంకె రాగానే అడిగినవారి తల వారికే తెలియకుండా రవంత కదిలేది. అది చూసి గుర్రం తట్టడం ఆపేది. దానికి లెక్కలు రావని తేలినా, మనిషి దాచలేనిదాన్ని చదవడం అంతకంటే పెద్ద విద్య అని నాకు అనిపిస్తుంది. లోపల కంగారు పెట్టుకుని పైకి ధైర్యం నటించేవాడు గుర్రం ముందు నిలవలేడు.

ఇక పగ్గం సంగతి చూడండి. లాగితే గుర్రం నేర్చుకుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నేర్చుకునేది వదిలినప్పుడు. మెల్లగా లాగాలి. ఒక్క అడుగు వేయగానే వదలాలి. ఆ వదలడమే “నువ్వు చేసింది సరి” అని చెప్పడం. అడుగు వేసినా లాగుతూనే ఉంటే, ఏం చేసినా ఇంతేనని దాని నోరు మొద్దుబారిపోతుంది. పని బాగా చేసినా తిట్టే మేస్త్రీ దగ్గర కూలీలు ఎలా తయారవుతారో మీకు తెలిసిందే. గుర్రం దగ్గరికి కోపంతో వెళ్లకూడదని గ్రీకు సేనాని జెనోఫోన్ రెండు వేల మూడు వందల ఏళ్ల కిందటే రాశాడు.

అయితే ఒక పేచీ ఉంది. గుర్రం “ఎక్కడికి?” అని అడగదు, “ఎందుకు?” అని అసలే అడగదు. మనుషులు అడుగుతారు, అడగాలి కూడా. గుర్రాన్ని నడిపినట్లే మనుషులను నడపవచ్చునని ఏ అధికారి అయినా అనుకుంటే అతడు సగం పాఠమే చదివాడన్నమాట. గుర్రాలతో బతికేవారందరూ మంచి నాయకులని కూడా నేను అనను. మోయలేని బరువెత్తి, చెర్నాకోలతో వీపు చిట్లగొట్టేవారు ఉన్నారు. దెబ్బకు నడిచిన గుర్రం దగ్గర నేర్చుకునేదేమీ లేదు. కాదనే వీలున్న గుర్రమే గురువు.

విరాటుని కొలువులో నకులుడు దామగ్రంథి అనే పేరుతో గుర్రాలను చూసుకున్నాడు. రాజకుమారుడు సాయీసుగా ఉండటాన్ని మనం అజ్ఞాతవాసపు కష్టంగానే చెప్పుకుంటాం. ఆ పనిలో ఎంత విద్య ఉందో మాట్లాడుకోం. ఈనాడు గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కు యాత్రికులను ఎక్కించుకునే గుర్రాలు, కంచరగాడిదల పక్కన నడిచే మనిషిని చూడండి. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. పైన కూర్చున్నవారు భయంతో బిగుసుకుపోతే ఆ భయం జంతువుకు పాకుతుంది. ఇద్దరినీ కుదుటపరచవలసింది అతడే. ఆ పనికి అతనికి దొరికేది కూలి, దొరకనిది పేరు.

మీలో జట్కా తోలినవారు, కోడెలను కాడికి మరిపినవారు ఉండవచ్చు. దరఖాస్తులో “అనుభవం” అనే గడి వచ్చినప్పుడు దానిని ఖాళీగా వదిలేస్తున్నారా? ఆ పని అక్కడ రాయండి. ఇక శిక్షణ శిబిరాలు నడిపేవారికి నా సూచన ఒకటి. ఉదయం గుర్రాన్ని తెచ్చి అప్పగించే సాయీసును పక్కకు పంపకండి. మొదటి గంట అతనిని మాట్లాడనివ్వండి, ఆ గంటకు ఉపన్యాసకునికి ఇచ్చే రుసుమే అతనికీ ఇవ్వండి.